కెటిల్ నుంచి శ్రీశైలం దాకా: శక్తి పద్దు రాయడం ఎలా

“శక్తిని సృష్టించలేం, నాశనం చేయలేం, ఒక రూపం నుంచి మరో రూపంలోకి మార్చగలం.” హైస్కూలు దాటిన ప్రతి ఒక్కరికీ ఈ వాక్యం నోటికి వచ్చు. పరీక్షలో రెండు మార్కులు తెచ్చిపెట్టాక దాని పని అయిపోయిందనుకుని చాలామంది పక్కన పెట్టేస్తారు. నాకు ఇది బాధ కలిగిస్తుంది. చేతిలో ఇంత పదునైన పనిముట్టు పెట్టుకుని దాన్ని గోడకు తగిలించి వదిలేస్తున్నాం.

కిరాణా కొట్టాయన రాత్రి గల్లాపెట్టె లెక్క చూసుకుంటాడు. రెండు వందలు తక్కువ వస్తే “డబ్బు మాయమైంది” అని పుస్తకంలో రాసుకోడు. ఎవరికి చిల్లర ఎక్కువ ఇచ్చాడో, ఏ అరువు రాయడం మరచిపోయాడో దొరికేదాకా వెతుకుతాడు. శక్తి నిత్యత్వ నియమం మనకు ఇచ్చే హక్కు అదే. లెక్కలో తేడా వస్తే అది ఎక్కడో ఒకచోట ఉండి తీరుతుంది, వెతికితే దొరుకుతుంది. ఆ వెతకడం ఎలాగో ఇక్కడ మెట్టుమెట్టుగా చూద్దాం.

కావలసినవి: ఒక కరెంటు కెటిల్, గ్రాములు చూపే వంటింటి తూకం, నీళ్ళలో ముంచగల థర్మామీటరు, వీడియో తీయగల ఫోను, ఒక నోటుపుస్తకం. గుణకారం, భాగహారం వస్తే చాలు.

మొదటి మెట్టు: గిరి గీయండి

ఏ లెక్కకైనా ముందు తేల్చవలసింది ఎవరి ఖాతా రాస్తున్నాం అన్నది. కెటిల్‌లోని నీళ్ళదా? నీళ్ళూ కెటిలూ కలిపా? మొత్తం వంటగదిదా? కాగితం మీద బొమ్మ గీసి, మీరు ఎంచుకున్న దాని చుట్టూ ఒక గిరి గీయండి. గిరి లోపల ఉన్నదే మీ ‘వ్యవస్థ’. బయట ఉన్నదంతా ‘పరిసరాలు’. గిరి దాటి లోపలికి వచ్చింది జమ, బయటికి పోయింది ఖర్చు, లోపల మిగిలింది నిల్వ. జమలోంచి ఖర్చు తీసేస్తే నిల్వలో వచ్చిన మార్పు తేలాలి. నియమమంతా ఇంతే.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నేను చూసిన తప్పుల్లో సగం ఇక్కడే పుడతాయి. నీళ్ళ చుట్టూ గిరి గీసి మొదలుపెట్టి, మధ్యలో కెటిల్ వేడిని కూడా నిల్వలో కలిపేస్తారు. గిరి ఒకసారి గీశాక లెక్క పూర్తయ్యేవరకు దాన్ని కదపకండి.

రెండో మెట్టు: పద్దుల పేర్లు తెలుసుకోండి

శక్తి ఎన్నో రూపాల్లో ఉంటుందని చదువుకున్నాం. పద్దు రాసేవారికి అవసరమైనవి కొన్నే.

కదిలే వస్తువుకు గతిశక్తి ఉంటుంది. ద్రవ్యరాశిని వేగంతో రెండుసార్లు హెచ్చించి, వచ్చినదాన్ని సగం చేస్తే దాని విలువ వస్తుంది. ‘రెండుసార్లు’ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. వెయ్యి కిలోల కారు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 10 మీటర్లతో పోతుంటే దానిలో 50,000 జౌళ్ళు (జౌల్ అంటే శక్తిని కొలిచే ప్రమాణం) ఉంటాయి. వేగం 72కు పెరిగితే 2,00,000 జౌళ్ళు. వేగం రెండింతలైతే శక్తి నాలుగింతలవుతుంది. బ్రేకులు ఆ మొత్తాన్నీ వేడిగా మార్చాలి కాబట్టి బండి ఆగడానికి పట్టే దూరం కూడా దాదాపు నాలుగింతలవుతుంది. ఈ వర్గం సంగతి మీద పద్దెనిమిదో శతాబ్దంలో ఐరోపాలో పెద్ద వాదమే నడిచింది. గ్రావెసాండే అనే డచ్చి శాస్త్రజ్ఞుడు మెత్తని బంకమట్టిలోకి ఇత్తడి గుండ్లు జారవిడిచి, వేగం రెండింతలైనప్పుడు గుంత నాలుగింతలు పడడం చూశాడు. ఆ ప్రయోగాల అర్థాన్ని ఫ్రాన్సులో బలంగా వాదించి నిలబెట్టిన వ్యక్తి ఎమిలీ ద్యు షాత్లే. మన పాఠ్యపుస్తకాల్లో ఆమె పేరు కనిపించకపోవడం లోటే.

ఎత్తులో ఉన్న వస్తువుకు స్థితిశక్తి ఉంటుంది: ద్రవ్యరాశి, 9.8 (భూమి గురుత్వ త్వరణం), మీటర్లలో ఎత్తు, ఈ మూడింటి లబ్ధం. వేడెక్కిన వస్తువులో ఉష్ణశక్తి నిల్వ ఉంటుంది: ద్రవ్యరాశి, విశిష్టోష్ణం (ఒక కిలో పదార్థం ఒక డిగ్రీ వేడెక్కడానికి కావలసిన శక్తి), ఉష్ణోగ్రతలో పెరిగిన డిగ్రీలు, వీటి లబ్ధం. నీటి విశిష్టోష్ణం కిలోకు, డిగ్రీకి 4,186 జౌళ్ళు. అదే ఉక్కుకు సుమారు 500. మరిగే నీరు ఆవిరి కావడానికి ఉష్ణోగ్రత పెరగకుండానే తీసుకునే వేడి గుప్తోష్ణం, గ్రాముకు దాదాపు 2,260 జౌళ్ళు. ఆహారంలో, గ్యాసులో, బ్యాటరీలో ఉండేది రసాయన శక్తి. తీగల్లో వచ్చేది విద్యుత్తు. కాంతి, ధ్వని, పరమాణు కేంద్రకంలోని శక్తి మిగిలిన పద్దులు.

లోతుగా చూస్తే ఈ పేర్లన్నీ మన సౌకర్యానికి పెట్టుకున్నవే. వేడి అంటే అణువుల కదలిక. ధ్వని అంటే గాలి కదలిక. రసాయన శక్తి అంటే ఎలక్ట్రాన్లూ కేంద్రకాలూ ఒకదానికొకటి ఎక్కడ ఉన్నాయన్న దానితో వచ్చే స్థితిశక్తి, దానితో కలిసిన ఎలక్ట్రాన్ల కదలిక. అయినా పేర్లు విడివిడిగా ఉంచుకుంటేనే లెక్క తేలిక.

మూడో మెట్టు: అన్నిటినీ జౌళ్ళలోకి మార్చండి

కరెంటు బిల్లు యూనిట్లలో వస్తుంది, బిస్కెట్ పొట్లం మీద కిలో కేలరీలు ఉంటాయి, గ్యాసు కిలోల్లో కొంటాం. మూడు భాషల్లో రాసిన ఖాతాను ఎవరూ కూడలేరు. అందుకని ఈ మార్పులు నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకోండి:

ఒక యూనిట్ కరెంటు = 36,00,000 జౌళ్ళు
ఒక కిలో కేలరీ = 4,186 జౌళ్ళు
ఒక కిలో వంటగ్యాసు = దాదాపు 4.6 కోట్ల జౌళ్ళు

మూడో దాన్ని బట్టి చూస్తే 14.2 కిలోల సిలిండరులో 65 కోట్ల పైచిలుకు జౌళ్ళు, అంటే సుమారు 181 యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి ఉంటుంది.

వాట్‌కూ జౌల్‌కూ తేడా మరవకండి. వాట్ అంటే సెకనుకు ఒక జౌల్. అది శక్తి ఎంత వేగంగా చేతులు మారుతోందో చెప్పే కొలత. పాఠ్యపుస్తకాల్లో దాన్నే సామర్థ్యం అంటారు. కొళాయి ధార ఎంత లావుగా ఉందో చెప్పినంత మాత్రాన బిందెలో ఎన్ని నీళ్ళు పడ్డాయో తెలియదు. ఎంతసేపు పట్టారో కూడా చెప్పాలి. వెయ్యి మెగావాట్ల కేంద్రం అన్నా అంతే, ఎన్ని గంటలు నడిచిందో తెలియకుండా అది ఎంత శక్తి ఇచ్చిందో చెప్పలేం.

ఈ మార్పిడి పట్టిక తేలిగ్గా దొరికినది కాదు. ఇంగ్లండులోని సాల్ఫర్డ్‌లో బీరు తయారీదారుల కుటుంబంలో 1818లో పుట్టిన జేమ్స్ ప్రెస్కాట్ జౌల్, కిందికి దిగే బరువులతో నీళ్ళలో రెక్కల చక్రాన్ని తిప్పి, నీరు ఎంత వేడెక్కిందో ఏళ్ళ తరబడి కొలిచాడు. ఒక పౌండు నీటిని ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ వేడెక్కించే వేడికి, 772 పౌండ్ల బరువు ఒక అడుగు దిగితే జరిగే పని సమానమని 1850 నాటికి తేల్చాడు. వేడి వేరు, పని వేరు అనుకున్న కాలంలో రెండిటికీ మారకపు రేటు కట్టిన మనిషి అతడు. అంతకు ముందే, 1845లో, నయాగరా జలపాతం 160 అడుగులు దూకడంతో ఆ నీరు ఫారెన్‌హీట్ డిగ్రీలో ఐదో వంతు వేడెక్కాలని లెక్కగట్టాడు. మన తలకోన జలపాతానికి మీరే లెక్క కట్టి చూడండి. ఎత్తు సుమారు 82 మీటర్లు. 82ను 9.8తో హెచ్చించి 4,186తో భాగిస్తే 0.19 సెల్సియస్ డిగ్రీలు వస్తుంది. అంత ఎత్తు నుంచి భోరున దూకిన నీరు ఒక డిగ్రీలో ఐదో వంతు కూడా వేడెక్కదు. నీటిని వేడి చేయడం ఎంత ఖరీదైన పనో దీన్ని బట్టి తెలుస్తుంది.

నాలుగో మెట్టు: తలుపులు గుర్తించండి

శక్తి గిరి దాటే దారులు కొన్నే. బలం పెట్టి కదిలించడం ఒకటి, దాన్నే పని అంటాం. ఉష్ణోగ్రతలో తేడా వల్ల వేడి పారడం ఇంకొకటి: స్టీలు గరిటె కాడ కాలడం వహనం, గిన్నెలో అడుగు నీళ్ళు పైకి లేవడం సంవహనం, పొయ్యికి ఎదురుగా కూర్చున్నప్పుడు ముఖానికి సెగ తగలడం వికిరణం. విద్యుత్తుగా, కాంతిగా రావడం మరో దారి. పదార్థమే శక్తిని మోసుకుంటూ పోవడం చివరిది. ఆవిరి ఆ పనే చేస్తుంది. మీ బొమ్మలో గిరి మీద ప్రతి తలుపుకూ ఒక బాణం గీయండి. తరువాత తేడా వచ్చినప్పుడు వెతకవలసింది ఈ బాణాల దగ్గరే.

ఐదో మెట్టు: కెటిల్‌తో నిజమైన లెక్క

ఇక చేతులు తడుపుకుందాం. గిరి కెటిల్ చుట్టూ, అందులోని నీళ్ళతో కలిపి గీయండి.

ఖాళీ కెటిల్‌ను తూచండి. ఒక లీటరు నీళ్ళు పోసి మళ్ళీ తూచండి. నీటి ఉష్ణోగ్రత రాసుకోండి. ఇప్పుడు ఇంట్లో మిగిలినవన్నీ ఆపండి. ఫ్రిజ్, వైఫై పెట్టె, చార్జర్లు ఆపడం అందరికీ గుర్తుంటుంది. ఇన్వర్టరు మాత్రం చప్పుడు లేకుండా బ్యాటరీని నింపుకుంటూ ఉంటుంది, దాన్నీ ఆపండి. అన్నీ ఆపాక కరెంటు మీటరు మీద మెరిసే చిన్న ఎర్ర దీపాన్ని చూడండి. అది దాదాపు మెరవకుండా ఉంటే మీరు సిద్ధంగా ఉన్నట్టే. మీటరు తీగలను, సీళ్ళను ముట్టుకోవలసిన పని లేదు, దూరం నుంచి చూస్తే చాలు.

ఆ దీపం ఎన్నిసార్లు మెరిస్తే ఒక యూనిటో మీటరు ముఖం మీదే అచ్చువేసి ఉంటుంది. 3200 అని ఉందనుకుందాం. 36,00,000ను 3,200తో భాగిస్తే ఒక్కో మెరుపుకు 1,125 జౌళ్ళు. మీ మీటరు మీద వేరే సంఖ్య ఉంటే దానితో భాగించుకోండి. కెటిల్ వేసినప్పటి నుంచి అది తనంతట తాను ఆగేదాకా ఫోనులో ఆ దీపాన్ని వీడియో తీయండి. సెకనుకు ఒకటి కంటే ఎక్కువ మెరుపులు వస్తాయి కాబట్టి కళ్ళతో లెక్కపెడితే తప్పు పోతుంది. వీడియోను నెమ్మదిగా నడిపి లెక్కపెట్టండి.

కెటిల్ అడుగున 1500 వాట్లు అని రాసి ఉంది కదా, దాన్ని సెకన్లతో హెచ్చిస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. ఆ 1500 అనేది 230 వోల్టులు వస్తున్నప్పటి మాట. వేసవి సాయంత్రం మీ వీధిలో 210 వోల్టులే వస్తుంటే అదే కెటిల్ 1250 వాట్లే లాగుతుంది. మీటరు దీపం మాత్రం వాస్తవంగా వచ్చినదాన్నే లెక్కిస్తుంది.

నీళ్ళు 30 డిగ్రీల దగ్గర మొదలై 100కు చేరాయని, 225 సెకన్లలో 300 మెరుపులు వచ్చాయని అనుకుందాం. మీరు హైదరాబాదులో ఉంటే నీళ్ళు 98 దగ్గరే మరుగుతాయి, ఊరు సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకు పైన ఉంది కాబట్టి. 100 అని ఊహించి రాయకండి, థర్మామీటరు చూపినదే రాయండి.

జమ: 300 × 1,125 = 3,37,500 జౌళ్ళు
నీళ్ళ నిల్వలో పెరిగింది: 1 × 4,186 × 70 = 2,93,020 జౌళ్ళు
తేడా: 44,480 జౌళ్ళు

నూటికి 87 పాళ్ళు నీళ్ళకు చేరింది. ఈ నిష్పత్తినే దక్షత అంటారు. చాలా పుస్తకాలు ఇక్కడ “మిగతాది నష్టం” అని రాసి ముగిస్తాయి. మనం ముగించం. నష్టం అనే పద్దు ఈ పుస్తకంలో లేదు.

ఆరో మెట్టు: తప్పిపోయిన జౌళ్ళను వెతకండి

మొదటి అనుమానం కెటిల్ ఒంటి మీదే. నీళ్ళతోపాటు ఉక్కు కూడా వేడెక్కింది. ఖాళీ కెటిల్ 600 గ్రాములు తూగిందనుకుంటే 0.6 × 500 × 70 = 21,000 జౌళ్ళు. పిడి, మూత అంత వేడెక్కవు కాబట్టి ఇది గరిష్ఠ అంచనా. తేడాలో దాదాపు సగం ఇక్కడే దొరికింది.

రెండో అనుమానం ఆవిరి. కెటిల్ ఆగగానే మళ్ళీ తూకం మీద పెట్టండి. 5 గ్రాములు తగ్గిందనుకుందాం. 5 × 2,260 = 11,300 జౌళ్ళు ఆవిరి మోసుకుపోయింది. తూకం లేకుండా ఈ పద్దు ఎప్పటికీ దొరికేది కాదు. చేయి కాలకుండా జాగ్రత్త.

ఇంకా 12,180 మిగిలాయి. ఇవి గోడల గుండా గాలిలోకి, అడుగు పళ్ళెం గుండా బల్లలోకి పోయి ఉండాలి. ఇది నమ్మదగిన సంఖ్యేనా? 12,180ను 225 సెకన్లతో భాగిస్తే సెకనుకు 54 జౌళ్ళు, పాతకాలపు గుండ్రటి బల్బు ఒకటి వెలుగుతూ ఉన్నంత. వేడెక్కిన కెటిల్ దగ్గర చేయి పెడితే తగిలే సెగకు అది పొసగే లెక్కే. ఒకవేళ సెకనుకు 500 జౌళ్ళని వచ్చి ఉంటే ఎక్కడో తప్పు చేశామని అర్థం. అప్పుడు మొదట ఇన్వర్టరు దగ్గరికి వెళ్ళి చూడాలి.

ఇప్పుడు అర లీటరుతో మళ్ళీ చేయండి. మెరుపులు సగానికి, అంటే 150కి తగ్గవు. 160 దాకా వస్తాయనుకోండి, దక్షత 81కి పడిపోతుంది. కెటిల్ పాడైందని కాదు. నీళ్ళు సగమైనా ఉక్కు అంతే ఉంది కదా, దాని వాటా అది తీసుకుంటుంది. రెండు కప్పుల టీకి అయిదుసార్లు కెటిల్ వేడెక్కించే కార్యాలయాల్లో ఈ ఉక్కు వాటా అయిదుసార్లు కడుతున్నారు.

తేడాను నష్టం అని రాయకుండా వెతకడం ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1920లలో రేడియోధార్మిక కేంద్రకాల నుంచి వెలువడే బీటా ఎలక్ట్రాన్లను కొలిస్తే శక్తి లెక్క కుదరలేదు. ప్రతిసారీ కొంత తక్కువ. నీల్స్ బోర్ అంతటివాడే శక్తి నిత్యత్వం ఇక్కడ వర్తించదేమోనని అనుకున్నాడు. 1930 డిసెంబరులో వోల్ఫ్‌గాంగ్ పౌలీ నియమాన్ని వదలడానికి ఒప్పుకోక, మనకు కనిపించని కణమేదో ఆ శక్తిని పట్టుకుపోతోందని ఒక ఉత్తరంలో రాశాడు. ఇరవై ఆరేళ్ళ తరువాత, 1956లో, రైనెస్, కోవన్ అమెరికాలోని ఒక అణు రియాక్టరు దగ్గర ఆ కణాన్ని పట్టుకున్నారు. దాని పేరు న్యూట్రినో. చిట్టాలో తేలని తేడా నుంచి ఒక కొత్త కణం పుట్టింది.

ఏడో మెట్టు: అదే పద్ధతి మీ ఒంటికి

గిరి ఇప్పుడు మీ చుట్టూ గీయండి. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లని చెబుతారు. ఒక్కో మెట్టు 20 సెంటీమీటర్లనుకుంటే 710 మీటర్ల ఎత్తు. 60 కిలోల మనిషి ఆ ఎత్తుకు చేరితే 60 × 9.8 × 710 = 4,17,480 జౌళ్ళు, అంటే దాదాపు 100 కిలో కేలరీలంత స్థితిశక్తి పెరిగింది. రెండు ఇడ్లీలు తింటే వచ్చేంత.

మరి అంత అలసట ఎందుకు? కండరాలు తాము వాడే రసాయన శక్తిలో నూటికి 20 నుంచి 25 వంతులనే పనిగా మార్చగలవు. 25 అనుకుంటే ఖర్చు 400 కిలో కేలరీలు. మిగతా 300 వేడి అయింది. ఆ వేడి ఒంట్లోనే నిలిస్తే? మనిషి శరీరపు విశిష్టోష్ణం కిలోకు సుమారు 0.83 కిలో కేలరీలు. 60 కిలోలకు లెక్కిస్తే ఒళ్ళు ఆరు డిగ్రీలు వేడెక్కాలి. అది ప్రాణాంతకం. అందుకే చెమట. ఒక గ్రాము చెమట ఆరితే సుమారు 0.58 కిలో కేలరీల వేడి పోతుంది, 300ను 0.58తో భాగిస్తే 517 గ్రాములు. ఎక్కినంతసేపట్లో అర లీటరు పైగా చెమట ఆరాలన్నమాట, కారి నేలపాలైనది కాక. గాలిగోపురం దాటేసరికి చొక్కా ఎందుకు తడిసిపోతుందో, దారిలో నీళ్ళు తాగమని పెద్దలు ఎందుకు చెబుతారో ఈ నాలుగు వరుసల్లో ఉంది.

దిగేటప్పటి పద్దు కూడా రాయండి. స్థితిశక్తి 100 కిలో కేలరీలు తగ్గింది, కానీ మీరు కింద పరుగెత్తుతూ చేరలేదు. అదంతా అడుగడుగునా మోకాళ్ళ కండరాల్లో, చెప్పుల్లో, మెట్ల రాళ్ళలో వేడిగా మారింది. మరునాడు తొడలు పట్టేసేది ఎక్కినందుకు కంటే దిగినందుకే ఎక్కువ.

ఎనిమిదో మెట్టు: గిరిని పెద్దది చేయండి

శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. దిగువన నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. వానాకాలంలో ఈ రెండు అంకెలూ దినపత్రికల్లో రోజూ కనిపిస్తాయి. రెండూ నిండి ఉన్నప్పుడు తేడా 295 అడుగులు, అంటే 90 మీటర్లు. ఒక కిలో నీరు అంత ఎత్తు దిగితే 9.8 × 90 = 882 జౌళ్ళు. టర్బైను, జనరేటరు కలిసి నూటికి 90 వంతులు కరెంటుగా మారిస్తే చేతికి వచ్చేది 794 జౌళ్ళు. ఒక యూనిట్ కావాలంటే నాలుగున్నర టన్నుల నీరు దిగాలి. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. దాని నుంచి సుమారు 62 లక్షల యూనిట్లు వస్తాయి.

ఇప్పుడు మన కెటిల్‌ను దీనితో కలపండి. 3,37,500ను 794తో భాగిస్తే 425. మీరు టీ కోసం ఒక లీటరు నీళ్ళు మరిగిస్తే, కృష్ణానదిలో 425 లీటర్లు ఆ గొట్టాల్లోంచి దిగాలి, అదీ తీగల్లో మధ్యదారి ఖర్చు కలపకుండా. తలకోన నీరు ఎందుకు వేడెక్కదో ఇప్పుడు ఇంకోవైపు నుంచి కనిపిస్తుంది.

ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరు ఉన్నాయి. అవి వెనక్కి కూడా తిరగగలవు. కరెంటు మిగిలినప్పుడు దిగువ నీటిని మళ్ళీ పైకి తోడి, అవసరమైనప్పుడు దింపుతాయి. ఎక్కించేటప్పుడు కొంత, దింపేటప్పుడు కొంత వేడిగా జారిపోతుంది కాబట్టి ఇలాంటి పద్ధతిలో 100 యూనిట్లు పెడితే 70 నుంచి 80 తిరిగి వస్తాయి. మరి ఎందుకు చేయడం? మధ్యాహ్నం ఎండలో సౌర ఫలకాలు ఇచ్చే కరెంటు అప్పుడే వాడకపోతే దాచుకోలేం. సాయంత్రం ఏడింటికి ఇళ్ళన్నీ వెలిగే వేళ దానికి గిరాకీ ఎక్కువ. కర్నూలు ప్రాంతంలోని పిన్నాపురంలో 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టు ఈ సూత్రం మీదే కట్టారు. శ్రీశైలం నీటిని మొదట ఆ ఎత్తుకు చేర్చినది ఎవరు అని ఇంకా వెనక్కి వెళ్తే, సముద్రం మీద ఎండ కాసి నీటిని ఆవిరిగా లేపిన సూర్యుడి దగ్గర ఆగుతాం.

తొమ్మిదో మెట్టు: మొత్తంతో పాటు నాణ్యమూ రాయండి

శక్తి పోదు కదా, మరి పొదుపు ఎందుకు? పిల్లలు అడిగే ఈ ప్రశ్న చాలా మంచిది. దీన్ని విసుక్కోకుండా ఇలా జవాబు చెప్పండి.

రాత్రి తలుపులు మూసిన గదిలో 75 వాట్ల పంకా ఎనిమిది గంటలు తిరిగిందనుకోండి. 0.6 యూనిట్, అంటే 21,60,000 జౌళ్ళు గదిలోకి వచ్చాయి. పంకా గాలిని కదిలించింది, గాలి గోడలకు కొట్టుకుని ఆగింది. తెల్లవారేసరికి ఆ మొత్తమూ వేడిగా గదిలోనే ఉంది. మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తు గదిలో గాలి 42 కిలోలుంటుంది. అది ఒక డిగ్రీ వేడెక్కడానికి 42,000 జౌళ్ళు చాలు. గాలి ఒక్కటే ఆ వేడినంతా ఉంచుకుంటే 51 డిగ్రీలు పెరగాలి! గోడలు, నేల, సందులు దాన్ని మింగేస్తాయి కాబట్టి బతికిపోతున్నాం. పంకా గదిని చల్లబరచదు, మీ చెమటను ఆరబెడుతుంది. ఎవరూ లేని గదిలో అది తిరుగుతుంటే గదిని వెచ్చబెట్టడం తప్ప ఏ పనీ చేయదు. ఫ్రిజ్ తలుపు తెరిచిపెట్టి గది చల్లబరుద్దామనుకున్నా ఇదే లెక్క: ముందు తీసుకున్న వేడినీ, మోటారు వాడిన కరెంటునూ కలిపి వెనకనుంచి గదిలోకే పంపుతుంది.

తెల్లవారి గోడల్లో ఉన్న ఆ 21,60,000 జౌళ్ళతో మళ్ళీ పంకా తిప్పగలమా? ఒక్క జౌల్ కూడా పోలేదు, కానీ తిప్పలేం. ఒకచోట కూడి ఉన్న శక్తి పలచగా పరచుకుపోయింది. వంద రూపాయల నోటును పైసలుగా మార్చి ఊరంతా చల్లినట్టు: మొత్తం అంతే, కొనగలిగేది ఏమీ లేదు. అందుకే పద్దులో ప్రతి అంకె పక్కన అది ఏ రూపంలో, ఎంత ఉష్ణోగ్రత దగ్గర ఉందో కూడా రాయాలి.

ఇలా రాస్తే కెటిల్ గొప్పతనం కొంత తగ్గుతుంది. దాని 87 శాతం ఇంటి గిరి లోపలి మాట. ఆ కరెంటు బొగ్గు నుంచి వస్తే, బొగ్గులోని శక్తిలో మూడో వంతు నుంచి 40 శాతం లోపే కరెంటు అయింది. మిగతాది శీతలీకరణ గోపురాల మీద తెల్లటి ఆవిరిగా, పొగగొట్టంలో వేడిగా వెళ్ళింది. గ్యాసు పొయ్యి దక్షత భారతీయ ప్రమాణాల ప్రకారం కనీసం 68 శాతం ఉండాలి. గిరిని గని దాకా, బావి దాకా పెద్దది చేసి చూస్తే పోటీ తారుమారవుతుంది. అదే కరెంటు నీటి నుంచో ఎండ నుంచో వస్తే మళ్ళీ మారుతుంది. ఏది మంచిది అని ఎవరైనా అడిగితే, గిరి ఎక్కడ గీశారని ముందు అడగండి.

పదో మెట్టు: ఇక మీరు సొంతంగా

చివరి లెక్క మీకే వదిలేస్తున్నాను. వేసవిలో కొత్త మట్టికుండలో 5 కిలోల నీళ్ళు పోసి, కుండ తడిసి చెమర్చాక, సాయంత్రం తూచి ఉష్ణోగ్రత రాయండి. పొద్దున మళ్ళీ తూచండి. 100 గ్రాములు తగ్గిందనుకోండి. గది ఉష్ణోగ్రత దగ్గర ఒక గ్రాము నీరు ఆరడానికి సుమారు 2,430 జౌళ్ళు కావాలి, మొత్తం 2,43,000. ఆ వేడంతా లోపలి నీళ్ళ నుంచే తీసుకుని ఉంటే నీరు 11.6 డిగ్రీలు చల్లబడాలి. మీ థర్మామీటరు అంత చూపదు. మిగిలిన జౌళ్ళను కుండ గది గాలి నుంచి, కింద పెట్టిన ఇసుక నుంచి తీసుకుంది. ఎంతెంతో రాయండి. కుండ కింద ఇసుక తడిపి ఒకరోజు, పొడిగా ఉంచి ఒకరోజు చేయండి. అనంతపురం మే నెల పొడిగాలిలో ఒకసారి, వీలైతే విశాఖ ఉక్కపోతలో ఇంకోసారి చేసి, రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.